మెట్లెక్కి నిద్ర తెచ్చుకున్న పిల్ల

మాదాపూర్ ఆఫీసు ఖాళీ చేసి కోకాపేటకు మారుతున్న రోజున, గోడల మీది పటాలు దించుతున్న కూలీ ఒకతను నన్ను పిలిచి అడిగాడు.

"మేడమ్, గీ పిల్ల ఫోటో గూడ తీస్కపోవాల్నా, ఈడనే ఇడిసిపెట్టాల్నా?"

పటంలో ఆమె అటు తిరిగి ఉంది. ముఖం కనబడదు. కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ టీషర్టు, పైకి పోతున్న మెట్లు, ఒక కాలు పై మెట్టు మీద. పక్కనే ఒక గీత, ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ. ఈమెకు ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోందని కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

ఆ గీతకు అంకెలిచ్చింది నేనే. నా దగ్గర ఆ తర్వాతి రోజుల అంకెలు కూడా ఉన్నాయి. గీత మాత్రం పటం అంచు దగ్గర ఆగిపోయింది.

నేను జవాబు చెప్పేలోగానే హెచ్.ఆర్.లో కొత్తగా చేరిన అమ్మాయి అటుగా వెళుతూ, "అది జాగ్రత్తగా ప్యాక్ చేయించండి మేడమ్, కొత్త లాబీలో పెట్టాలి" అంది.

"ఎవరో తెలుసా నీకు?"

"నేను జాయినవ్వకముందు ఎవరో అంట. మంచి స్టోరీ కదా!"

ఆమె పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయను. ఆమె దగ్గరున్నవాటిలో కంపెనీ వాడుకోకుండా వదిలేసింది ఆ పేరొక్కటే. దాన్ని ఆమె దగ్గరే ఉండనిస్తాను.

ఆమెది మూసాపేట. ఏడో అంతస్తులో, విదేశీ కంపెనీ ఒకదానికి వచ్చే ఫిర్యాదులు చూసే జట్టులో పనిచేసేది. నేను అదే అంతస్తులో రిపోర్టులు తయారుచేసేదాన్ని. లెక్కలు నేను కాలేజీలో చదవలేదు. పిల్లల పాఠ్యపుస్తకాలు తిరగేస్తూ, కంప్యూటర్లో ప్రతి సూత్రాన్నీ ముందు తప్పుగా కొట్టి తర్వాత దిద్దుకుంటూ నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాళ్ళకు ఏ అంకెనైనా చూడగానే నమ్మబుద్ధి కాదు. ఇంకోసారి కూడి చూడాలనిపిస్తుంది. ఆ పిల్లను కూడా నేను అలాగే చూశాననుకుంటాను. మొదటిసారి చూసినప్పుడు ఏమీ తేలలేదు.

కళ్ళ కింద నలుపు. డబ్బాలో అన్నం సగం తిని మూత పెట్టేసేది. ఎవరేమడిగినా "ఓకే" అనేది. ఒంట్లో బాగుందా అంటే ఓకే, తలనొప్పా అంటే అదీ ఓకే. బాత్‌రూమ్‌లో చాలాసేపు కుళాయి తిప్పి ఉంచేది. కుళాయి చప్పుడు వెనక ఏముంటుందో మా అంతస్తులో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ తలుపు తట్టరు.

ఒకసారి భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. "రాత్రిళ్ళు నిద్రపోవా?" అని అడిగాను.

"పండుకుంట మేడమ్. నిద్రనే రాదు. ఫ్యాను చూస్త. మా ఫ్యాను రెక్కకు ఒక సొట్ట ఉన్నది. గా సొట్ట ఏడికొచ్చిందో చూసుకుంట ఉంట."

"రోజంతా అంత పనిచేస్తావు, అలిసిపోవా?"

"తలకాయ అలిసిపోతది. ఇగ పండుకుందాం అంటది. కాళ్ళేమో, మేమేం జేసినం, మాకెందుకు నిద్ర అంటయి. రెండిటికి రోజు పంచాయితి. నడుమల నేను."

ఇంటర్ బాచుపల్లిలో, హాస్టల్ ఉన్న కాలేజీలో చదివిందట. మా ఇల్లు అటువైపే. అలాంటి భవనాలు నేను రోజూ చూస్తాను. అద్దాల కిటికీలు, పైన పేద్ద బోర్డు. ఆడుకునే స్థలం ఎక్కడా ఉండదు. కారిడార్లో పరుగెత్తితే వార్డెన్ కేకలేసేదని చెప్పింది. "చదువుకుంట కూసున్న, పరీక్షలు రాసుకుంట కూసున్న, ఇప్పుడు జీతానికి కూసున్న. కూసునుడొక్కటే మంచిగొచ్చు మేడమ్ నాకు" అని తనే నవ్వింది. ఆ నవ్వు కూడా సగమే, డబ్బాలో అన్నంలాగా.

ఒకరోజు లిఫ్టులన్నీ మరమ్మతుకు ఆపేశారు. మధ్యాహ్నం కింద భోజనం చేసి అందరం మెట్లెక్కాం. నేను నా వయసుకు తగినట్టు అంతస్తుకోసారి ఆగాను. ఆమె మీటింగుందని నన్ను దాటుకుని పరుగెత్తింది. నేను ఐదో అంతస్తు మలుపు తిరిగేసరికి గోడకు ఆనుకుని కూలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. చున్నీ జారి మెట్టు మీద పడింది.

"ఏవమ్మా, డాక్టర్ని పిలవనా?"

చెయ్యి అడ్డంగా ఊపింది. రొప్పుతూనే అంది. "సచ్చిపోత అనుకున్న మేడమ్. గుండె చెవులల్ల కొట్టుకుంటుంది."

మర్నాడు ఉదయం నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పటిదాకా తనంతట తానుగా ఎవరి దగ్గరికీ వెళ్ళిన పిల్ల కాదు.

"మేడమ్, నిన్న పండుకున్న."

"అందరం పడుకున్నాం కదమ్మా."

"గట్ల కాదు. పండుకున్న. మా అమ్మ వచ్చి లేపింది. రోజు నేనే లేసి ఆమెను లేపుత. నిన్న ఆమె లేపింది నన్ను."

"ఒక్కరోజుకే ఏం తేలుతుంది? నిన్న బాగా అలిసిపోయావు, అంతే."

"నేను జెప్పేది గూడ అదే కద మేడమ్. నిన్న అలిసిన."

ఆ సాయంత్రం లిఫ్టులు పనిచేస్తున్నాయి. ఆమె మెట్ల తలుపు తోసుకుని వెళ్ళింది.

ఆ తర్వాత అది అలవాటైంది. సాయంత్రం అందరూ టీకి లేచే వేళకు ఆమె చున్నీని భుజం మీంచి నడుముకు అడ్డంగా తెచ్చి బిగించి ముడేసేది, నాట్లకు దిగే ఆడవాళ్ళలాగా. పొలం ముఖం ఎరగని పిల్లకు ఆ ముడి ఎలా వచ్చిందని అడిగితే, "మా నాయనమ్మ గిట్లనే కట్టేది, ఏమో, చేతులకు యాదికున్నది" అంది. చెప్పులు విప్పి మెట్ల తలుపు దగ్గర వదిలి, కింది దాకా దిగి, అక్కణ్ణుంచి పై దాకా ఆగకుండా ఎక్కేది. పైన డాబాకు ఇనుప తలుపు, దానికి తాళం. ఆ తలుపు మీద అరచేత్తో ఫట్‌మని కొట్టేది. ఆ చప్పుడు మా అంతస్తుకు వినబడేది.

సెక్యూరిటీ అతను ఒకరోజు పట్టుకున్నాడు.

"ఏందమ్మా గా తలుపు కొట్టుడు?"

"తాళమెందుకేసిన్రన్నా దానికి?"

"మీ అసుంటోళ్ళు దూకుతరని."

"దూకెటోళ్ళు గింత కష్టపడి ఎక్కుతరా? లిఫ్టుల పోతరు."

అతను నవ్వాపుకోలేక వదిలేశాడు. నాకు మాత్రం ఆ జవాబు చాలాసేపు గుచ్చుకుంటూనే ఉంది. అంత తడుముకోకుండా ఎలా వచ్చిందా అని.

రోజూ ఎలా పడుకున్నావని అడగటం నాకు మొహమాటం. నాకు తెలుసుకోవాలనీ ఉంది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఉదయం లోపలికొస్తూ నా వరుస దాటేటప్పుడు ఏమీ మాట్లాడకుండా చెయ్యెత్తాలి. నిద్రపట్టి ఉంటే అరచెయ్యి. పట్టకపోతే పిడికిలి.

"మధ్యరకంగా ఉంటే ఏం చూపిస్తావు?" అన్నాను.

"నిద్రల మధ్యరకం ఏంది? నీళ్ళల్ల మునిగితే మునిగినట్టు, లేకుంటె లేదు."

ఎక్కిన రోజు సంగతి చూస్తే చాలదని, ఎక్కని రోజున ఏమవుతుందో కూడా చూడాలని చెప్పాను. "అంటే నాకు నిద్ర లేకుండ జేసి పరీక్ష పెడ్తవా? నువ్వేం మనిషివే లెక్కలక్కా!" అంది. మేడమ్ పోయి లెక్కలక్క వచ్చింది ఆరోజే. మీరు పోయి నువ్వు వచ్చింది. అయినా నామాట విని కొన్ని రోజులు మెట్ల జోలికి పోలేదు. పిడికిళ్ళు వచ్చాయి. మరికొన్ని రోజులు భవనం చుట్టూ మెల్లగా నడవమన్నాను. అప్పుడూ ఎక్కువగా పిడికిళ్ళే. "నడుసుడు నీ అసుంటోళ్ళకక్కా. నాకు దమ్ము పోవాలె" అంది. మళ్ళీ చున్నీ బిగించింది. మళ్ళీ అరచెయ్యి.

ఇదంతా ఒక్క మనిషి లెక్క అని నాకు తెలుసు. ఒక్క మనిషి లెక్కతో ఊరందరికీ మందు చెప్పకూడదనీ తెలుసు. కానీ ఆ ఒక్క మనిషికి అది నిజం.

ఆమె ఆరోగ్యం బాగుపడిందని నాకు నిద్ర వల్ల తెలియలేదు. పోట్లాటల వల్ల తెలిసింది. క్యాంటీన్‌లో పప్పు నీళ్ళగా ఉందని గిన్నె వెనక్కి పంపింది. విరిగిన కుర్చీ మార్చమని అడిగి, మార్చేదాకా నిలబడే పనిచేసింది. నన్ను "అండి మేడమ్" అని వెక్కిరించడం మొదలుపెట్టింది. "టీ తాగుతారాండీ, బిస్కెట్ తింటారాండీ, మీ గోదావరి నీళ్ళల్ల కలిపిన్రా ఏంది గా అండి?" డబ్బా ఖాళీ అయ్యేది. నా డబ్బాలోకి కూడా చెయ్యి వచ్చేది. కుళాయి ఊరికే తిరగడం మానేసింది. "ఓకే" అనే మాట ఆమె నోట మళ్ళీ నేను వినలేదు. కనీసం అప్పట్లో వినలేదు.

ఇదంతా పైవాళ్ళకు ఎలా తెలిసిందంటే, ఆమే చెప్పింది.

మా కంపెనీలో ఒక ఆచారం ఉంది. శుక్రవారం మీటింగు ముగిసేముందు ప్రతి ఒక్కరూ ఆ వారం తమకు జరిగిన ఒక మంచి సంగతి చెప్పాలి. ఒకరు కొత్త బండి కొన్నామంటారు, ఒకరు పాపకు ర్యాంకొచ్చిందంటారు. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు "పాస్" అంటారు. ఆమె చేరిన నాటినుంచీ పాసే. ఆ శుక్రవారం లేచి నిలబడింది.

"నాకు నిద్రొస్తుంది" అంది.

అందరూ నవ్వారు. మీటింగులో నిద్ర వస్తోందంటోంది అనుకున్నారు. ఆమె తొణక్కుండా మెట్ల సంగతి, ఫ్యాను సంగతి, వాళ్ళమ్మ లేపిన సంగతి చెప్పింది. నవ్వు ఆగిపోయింది. తర్వాత చప్పట్లు కొట్టారు. ఆమె జట్టు నాయకుడు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

నెల తిరగకముందే అది పథకమైంది. ఆడవాళ్ళు చాలామంది పేర్లిచ్చారు. అందరి చేతులకూ నిద్ర కొలిచే వాచీలు తగిలించారు. ఆకుపచ్చ టీషర్టులు వచ్చాయి. మధ్యాహ్నం ఆమె ముందు ఎక్కాలి, మిగతావాళ్ళు వెనక ఎక్కాలి, మలుపు దగ్గర ఫోటో తీయాలి. చున్నీ కట్టుకోవద్దన్నారు, ఫోటోలో టీషర్టు మీది పేరు కనబడదని.

వాచీల లెక్కలు నా దగ్గరికి వచ్చేవి. కొందరికి నిద్ర కుదిరింది. కొందరికి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. ఇంటికెళ్ళి వంటంతా అయ్యాక అపార్టుమెంటు మెట్లెక్కిన ఒకావిడకు ఉన్న నిద్ర కూడా పోయింది. ఎక్కువమందిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అందరివీ పట్టికగా వేసి, ఎవరికి ఏమైందో పక్కన రాసి ఇచ్చాను. అప్పటి హెచ్.ఆర్. పెద్దావిడ దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఇంత పెద్ద టేబుల్ ఎవరు చదువుతారండీ? ఆ అమ్మాయిదొక్కటీ గీత గీసివ్వండి. మంచి స్టోరీ."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళు ఇన్‌స్పైర్ అవుతారు."

పటం గోడకెక్కింది. ఆ వారంలోనే జట్టు నాయకుడు ఆమెను గదిలోకి పిలిచాడు. గీతకు సంబంధించిన కాగితాలు పట్టుకుని నన్నూ రమ్మన్నాడు. మంచి మాటకారి. భీమవరం వైపు మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"చూడమ్మా, మన టీములో నీ అంత బాగా నిద్రపోయేవాళ్ళు లేరు. నేను చెప్పడం కాదు, డేటా చెబుతోంది. అవునా కాదా మేడమ్?"

"ఇది సాయంత్రం మెట్లెక్కిన రోజుల లెక్కండి. ఎక్కనప్పుడు..." అన్నాను.

"అదే, అదే. ఇప్పుడు కొత్త క్లయింటు వచ్చాడు. తెల్లవారుజామున ఒక కాల్, రాత్రి ఒక కాల్. సాయంత్రం టీ టైమ్‌లో చిన్న రివ్యూ. మిగతావాళ్ళని అడగలేను. ఒకరికి చంటిపిల్ల, ఒకరికి షుగరు. నీకైతే ఇంకా పని పట్టే బ్యాండ్‌విడ్త్ ఉంది."

"సార్, నాకు నిద్రొచ్చుడే ఇప్పుడిప్పుడు..."

"అందుకేగా నిన్నడుగుతున్నది! కాంట్రాక్టు రెన్యువల్‌లో కూడా ఇది కనబడుతుంది."

బాగా నడుస్తున్న మోటారుకు ఇంకో పైపు తగిలించినట్టుంది ఆయన మాట. ఆయనకు ద్వేషం లేదు. ఆమె నిద్ర ఆయనకు మిగులుగా కనబడింది. మిగులు కనబడితే ఏదో ఒక పనికి కేటాయించడం ఆయన ఉద్యోగం.

సాయంత్రం రివ్యూతో మెట్లు ఆగిపోయాయి. మధ్యాహ్నం ఫోటో కోసం ఎక్కే రెండంతస్తులు మాత్రం మిగిలాయి. పిడికిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

విచిత్రమేమిటంటే వాచీ చాలారోజులు ఒప్పుకోలేదు. పిడికిలి చూపించిన రోజున కూడా ఆమె బాగానే నిద్రపోయినట్టు లెక్క వచ్చేది. ఒకరోజు ఆ మాటే ఆమెను అడిగాను.

"కదలకుంట పండుకుంటే నిద్రనే అనుకుంటదక్కా ఇది. పక్కకు మా చెల్లె ఉంటది. దానికి పరీక్షలు. నేను పొర్లితే లేస్తదని కట్టెలెక్క పండుకుంట. కండ్లు తెరిసి ఫ్యాను చూస్త. గీ వాచికి కండ్లు కనవడయి కద."

ఈ సంగతి హెచ్.ఆర్. ఆవిడకు చెప్పాను. మెట్లు ఆగాక వచ్చిన వారాల లెక్క కూడా గీతకు కలపమన్నాను. పిడికిళ్ళ సంగతి చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"మేడమ్, తను అలా ఫీలవుతోంది. వాచ్ మెజర్ చేస్తోంది. మనం దేన్ని తీసుకోవాలి చెప్పండి?"

"తననే."

"మీరు కూడా అలా అంటే ఎలాగండీ, లెక్కలు చూసేవాళ్ళు!"

చివరికి వాచీ కూడా ఒప్పుకుంది. అంకెలు కిందికి దిగాయి. అప్పటికి పథకం ముగిసిందని, ఆ అంకెలు ఇక పంపనక్కర్లేదని నాకు చెప్పారు.

ఆమె మళ్ళీ డబ్బా సగానికి మూత పెట్టింది. ఒకసారి నేనే బాత్‌రూమ్ తలుపు తట్టాను, కుళాయి చప్పుడు ఆగేదాకా. బయటికొచ్చి ముఖం తుడుచుకుంటూ అంది.

"నిద్రొస్తుందని చెప్పకుంటె అయిపోతుండె. ఏడ్సుకుంట కూసుంటె నన్నెవ్వరు ఏమడగకపోదురక్కా. గా శుక్రవారం పాస్ అనుంటె ఇయ్యాల్టి దాంక మంచిగ పండుకుందును."



కాంట్రాక్టు పొడిగించలేదు. పనిలో మునుపటి ఉత్సాహం లేదని కారణం రాశారు. చివరిరోజు వాచీని, టీషర్టును మడతపెట్టి అప్పగించి, లిఫ్టు ఎదురుగా పటం పక్కనే నిలబడి లిఫ్టు కోసం చూసింది. "ఓకే అక్కా" అని వెళ్ళిపోయింది.

ఆఫీసు కోకాపేటకు మారిన కొద్ది రోజులకు, ఎస్.ఆర్. నగర్‌లో మా చెల్లెలింట్లో ఉండి ఉదయాన్నే ఇంటికి తిరిగొస్తున్నాను. మెట్రోలో ఆడవాళ్ళ పెట్టెలో ఎదురు వరుసలో ఆమె కనబడింది. వేరే కంపెనీ గుర్తింపు కార్డు పట్టీ మెడలో ఉంది. రాత్రి పని ముగించుకుని వస్తున్నట్టుంది. ఒళ్ళు వచ్చింది, ముఖం ఉబ్బింది. తల అద్దానికి ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

మూసాపేట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె దిగవలసిన చోటు అదేనని నాకు తెలుసు. లేచి రెండడుగులు వేసి, చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాను. తలుపులు మూసుకున్నాయి. కూకట్‌పల్లి పోయింది, మిగతా స్టేషన్లూ పోయాయి. మియాపూర్‌లో బండి ఖాళీ చేయమని స్టేషన్ మనిషి చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"మూసాపేట పోయిందా?" అని, నన్ను చూసి, గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "లెక్కలక్కా! నువ్వు చూసుకుంట కూసున్నవా? లేపొద్దా?"

"నిద్రపోతున్నావు కదమ్మా."

"గిది నిద్రనా?"

ఇద్దరం కిందికి దిగాం. వెనక్కి వెళ్ళే బండి కోసం ఆమె అవతలి వైపు మళ్ళీ ఎక్కాలి. మెట్లెక్కుతున్నావా అని అడగాలనుకుని అడగలేదు. ఆమే అడిగింది.

"నా బొమ్మ ఉన్నదా ఇంక?"

"ఉంది. కొత్త ఆఫీసులో లాబీలో పెట్టారు."

"అండ్ల మంచిగ పండుకుంటున్ననా?"

నేను తలూపాను. "మంచిది" అంది నిజంగానే సంతోషించినట్టు. "పోత అక్కా, మా అమ్మ ఎదురుచూస్తుంటది."

ఎస్కలేటర్ ముందు జనం వరుసగా నిలబడి ఉన్నారు. పక్కన మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె వెళ్ళి వరుస చివర నిలబడింది.